పెరట్లో ఆటస్థలం – ప్లాస్టిక్ పచ్చికా? మన మట్టా?

(ఇల్లు – పిల్లలు శీర్షిక)



ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఈ నెల శీర్షిక అంతటినీ తీసుకొనేంత పెద్ద ప్రశ్నను తెచ్చింది. రాసినది గోదావరి డెల్టాలోని ఒక గ్రామపు సహోదరి. పేరు, ఊరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. సంగతి మాత్రం చాలా ఇళ్ళకు సంబంధించినదే.

వారి ఇంటి వెనుక ఎనిమిది సెంట్ల పెరడు ఉంది. ఆమె తమ్ముడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఇళ్ళ వెనుక కృత్రిమ పచ్చిక పరిచి, గీతలు గీసి, వల కట్టి పిల్లలను ఆడించడం చూశాడు. "అక్కా, మన పాపకు అలాంటిది పెరట్లో వేయిద్దాం. సగం ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నాడు. మిగతా సగం డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకోవాలి. పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చి కొలతలు తీసుకున్నాడు. సపోటా చెట్టు, రెండు కొబ్బరి చెట్లు కొట్టేయాలన్నాడు. వారంలోగా బయానా ఇస్తే ధర తగ్గిస్తానన్నాడు.

పాప తొమ్మిదో తరగతి. ఏడో తరగతి వరకు బడి మైదానంలో వాలీబాల్ బాగా ఆడేది. పెద్దమనిషి అయిన తరువాత నానమ్మ వద్దంది. సాయంత్రం మైదానమంతా పెద్ద కుర్రాళ్ళ క్రికెట్టుతో నిండిపోతుంది గనుక ఆడపిల్లలు ఆ వైపు వెళ్ళడమే మానేశారు. రెండేళ్ళుగా బడి నుంచి రావడం, ఫోను పట్టుకుని మంచం మీద కూర్చోవడం. తండ్రి మాత్రం "ఆడపిల్ల ఆటకు ఇన్ని లక్షలా?" అంటున్నాడు. "అయ్యగారూ, అది వేయిస్తే మంచిదేనా? చెట్లు కొట్టించమంటారా? మా ఆయన మాట వినమంటారా, మా తమ్ముడి మాట వినమంటారా?" అని ఆ తల్లి అడుగుతున్నది.

సహోదరీ, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. ముందుగా ఆ పచ్చిక సంగతి తెలుసుకుని, తరువాత పాప సంగతికి వద్దాం. బయానా మాత్రం ఈ వారం ఇవ్వకండి. వారం గడువు పెట్టి తొందరపెట్టే బేరం ఏదైనా మరో నెల ఆగి చూడదగినదే.

ఈ పచ్చిక ఎక్కడిది?

కృత్రిమ పచ్చిక అంటే ప్లాస్టిక్ పోగులను ఒక గట్టి గుడ్డకు దగ్గరదగ్గరగా కుట్టి, వెనుక రబ్బరు వంటి పూత వేసిన తివాచీ. అది పుట్టింది అమెరికాలో. నగరాల పిల్లలకు ఆడుకునే నేల కరువైపోతున్నదని, గట్టి సిమెంటు మీద పరచదగిన పచ్చిక వంటిది ఏదైనా కావాలని అక్కడి పెద్దలు ఆలోచించారు. 1964లో ప్రావిడెన్స్ పట్టణంలోని ఒక పాఠశాలలో దానిని మొదటిసారి పెద్ద ఎత్తున పరిచారు. అప్పుడు దాని పేరు కెమ్‌గ్రాస్.

దానికి పేరు తెచ్చింది టెక్సాస్ రాష్ట్రమే. హ్యూస్టన్ నగరంలో 1965లో పైకప్పు ఉన్న పెద్ద క్రీడాశాల ఆస్ట్రోడోమ్ తెరిచారు. లోపల నిజమైన గడ్డే వేశారు. కప్పులోని పారదర్శకమైన పలకల గుండా వచ్చే వెలుగు కళ్ళకు కొట్టి ఆటగాళ్ళకు బంతి కనబడలేదు. అందుచేత పలకలకు రంగు పూశారు. వెలుగు చాలక గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో ఈ ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. ఆ క్రీడాశాల పేరు మీదనే అది ఆస్ట్రోటర్ఫ్ అయింది.

మన దేశానికి దాని పేరు హాకీ ద్వారా బాగా తెలిసింది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో హాకీని మొదటిసారి కృత్రిమ మైదానం మీద ఆడించారు. 1928 నుంచి ప్రతి ఒలింపిక్సులోనూ హాకీ పతకం తెచ్చిన మన జట్టు ఆ యేట ఏడో స్థానంలో నిలిచింది. గడ్డి మీద పెరిగిన మన ఆటగాళ్ళకు ఆ వేగం, ఆ బంతి నడక కొత్త. నేల మారితే ఆటే మారిపోతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర లేదు.

ఇందులో మనకు కావలసిన పాఠం ఒకటున్నది. వెలుగు లేని చోట, నేల దొరకని చోట, నీరు చాలని చోట ఆ లోటు తీర్చడానికి ఈ పచ్చిక పనికివచ్చింది. మీ పెరట్లో వెలుగు ఉంది, నేల ఉంది, నీరు ఉంది. మీకు లోటు ఏమిటో ముందు చూసుకోవాలి.

ఏ ఆటకు ఏ నేల?

ఆటలు రెండు రకాలు. బంతి నేల మీద పడి లేచే ఆటలు, దొర్లే ఆటలు ఒక రకం. టెన్నిస్, క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ ఇందులోవి. వీటికి నేల చదునుగా, అంతటా ఒకే తీరుగా ఉండాలి. కృత్రిమ పచ్చిక వీటికి నిజంగా ఉపయోగపడుతుంది.

బంతి నేలను తాకితే అక్కడికి పాయింటు అయిపోయే ఆటలు రెండో రకం. వాలీబాల్, షటిల్, బాల్ బ్యాడ్మింటన్, రింగుతో ఆడే టెన్నికాయిట్ ఇందులోవి. వీటిలో బంతికి నేలతో పని లేదు. నేల మీద ఉండేది ఆడేవారి పాదాలే. కాలు జారకుండా, రాయి గుచ్చుకోకుండా, పడితే మోకాలు చీరుకుపోకుండా ఉంటే చాలు. మీ పాప ఆడేది వాలీబాల్. పచ్చిక మీద పెట్టే సొమ్ములో పెద్ద భాగం ఆమె ఆటకు అక్కర లేని సుగుణానికి పోతుంది.

ఇక స్థలం లెక్క. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. అంటే ఇంచుమించు 59 అడుగులు, 29న్నర అడుగులు. చుట్టూ 3 మీటర్లు వదిలితే మొత్తం దాదాపు 9 సెంట్లు కావాలి. మీ పెరడు మొత్తం ఎనిమిదే. షటిల్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. చుట్టూ నాలుగేసి అడుగులు వదిలితే 52 అడుగులు, 28 అడుగులు. అంటే 1,456 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు గనుక మూడు సెంట్ల పైచిలుకు. టెన్నికాయిట్ కోర్టు 40 అడుగులు, 18 అడుగులు. అది షటిల్ కోర్టులోనే ఇమిడిపోతుంది. వలను రెండు ఎత్తులలో కట్టేటట్టు కొక్కేలు పెట్టుకుంటే ఒకే చోట రెండు ఆటలు సాగుతాయి. వాలీబాల్ ఆరుగురేసి ఆడే పూర్తి ఆటకు బడి మైదానమే కావాలి గాని, ముగ్గురేసి నిలబడి చేసే అభ్యాసానికి ఈ స్థలం చాలు.

ఒకవేళ వేయించితే పని ఎలా జరగాలి?

మీరు వేయించకపోయినా, ఈ శీర్షిక చదివే వారిలో కొందరు వేయిస్తారు. పట్టణాలలో స్థలం అద్దెకు తీసుకుని, చుట్టూ వల కట్టి, గంటకింత అని క్రికెట్ ఆడించే మైదానాలు ఇప్పుడు చాలా వచ్చాయి. కనుక పని తీరు అందరూ తెలుసుకోవడం మంచిది.

పైన కనబడే పచ్చిక కంటే కింద కనబడని పని ముఖ్యం. మొదట పైమట్టిని నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసివేయాలి. నల్లరేగడి నేల అయితే ఇంకా లోతుకు పోవాలి. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద పరిచినది ఏదైనా రెండో యేటికే గుంటలు పడుతుంది. తీసిన చోట గట్టి మొరం వేసి, నీళ్ళు చల్లి, రోలరుతో తొక్కించాలి. దాని మీద కంకర, ఆపైన క్రషర్ డస్టు పొరలు పొరలుగా వేసి మళ్ళీ తొక్కించాలి. నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున ఒక వైపుకు వాలు ఉంచాలి. వాన నీరు అటు దిగి మీ కాలువలోకే పోవాలి గాని పొరుగువారి గోడ మొదటికి పోరాదు. చుట్టూ ఇటుకతోగాని సిమెంటుతోగాని అంచు కట్టాలి.

తరువాత పచ్చిక చుట్టలు విప్పి, కొన్ని గంటలు ఎండలో వదిలేయాలి. చుట్టినప్పుడు పడిన ముడతలు అప్పుడు సర్దుకుంటాయి. అన్ని చుట్టల పోగులూ ఒకే వైపుకు వాలి ఉండేలా పరచాలి. అతుకుల కింద వెడల్పాటి పట్టీ వేసి జిగురుతో అంటించాలి. ముందుగా పాడయ్యేది ఈ అతుకులే. చివరగా పోగులు నిలబడడానికి శుభ్రమైన సన్న ఇసుక చల్లి చీపురుతో లోపలికి దువ్వాలి.

వ్యాపారిని అడగవలసిన ప్రశ్నలు ఇవి. చదరపు అడుగు ధరలో కింది పని కలిసి ఉన్నదా, లేక పచ్చిక ఒక్కటేనా? పోగు పొడవు ఎన్ని మిల్లీమీటర్లు? పోగు పాలిథిలీనా, దానికంటే గరుకైన పాలీప్రొపిలీనా? వెనుక నీరు దిగే రంధ్రాలు ఉన్నాయా? ఎండకు వెలిసిపోకుండా ఎన్నేళ్ళ హామీ, అది కాగితం మీద ఇస్తారా? సీసం లేదని పరీక్ష పత్రం ఉన్నదా? ఈ చివరి ప్రశ్న ఊరకే అడగమనడం లేదు. 2008లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కొన్ని నైలాన్ పచ్చిక మైదానాల పోగులలో సీసం ఉన్నట్టు బయటపడింది. పోగుల మధ్య పాత టైర్లు పొడిచేసిన రబ్బరు గుళికలు చల్లుతానంటే ఇంటి పెరట్లో వద్దనండి. అవి బట్టలకు, పాదాలకు అంటుకుని ఇంట్లోకి వస్తాయి, వానకు కాలువలో కలుస్తాయి. ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుళికలు నేలలో, నీటిలో చేరుతున్నవని ఐరోపా సంఘం 2023లో వాటి అమ్మకాన్ని నిషేధిస్తూ నిర్ణయించి, క్రీడా మైదానాలకు ఎనిమిదేళ్ళ గడువు ఇచ్చింది.

ఎండ, వాన, కోళ్ళు

వ్యాపారి చెప్పని సంగతులు మూడు ఉంటాయి.

మొదటిది ఎండ. నిజమైన గడ్డి తనలోని నీటిని ఆవిరిగా వదులుతూ చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్ పచ్చిక అలా చేయలేదు. వేసవి మధ్యాహ్నం దాని పైభాగం 60 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఉత్త పాదం మోపలేము. నీళ్ళు చల్లితే చల్లబడుతుంది గాని కొద్దిసేపటికే మళ్ళీ వేడెక్కుతుంది. మన ఊళ్ళలో మార్చి నుంచి జూన్ వరకు ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తరువాతే దాని మీద ఆడగలరు. చెట్లు కొట్టేస్తే ఆ కాస్త నీడా పోతుంది.

రెండోది ఆయుష్షు. బాగా పరిచి, బాగా చూసుకుంటే ఎనిమిది, పదేళ్ళు వస్తుంది. తరువాత అది ఎందుకూ పనికిరాని ప్లాస్టిక్ గుట్ట. కాల్చరాదు, పాతిపెట్టినా మట్టిలో కలవదు. బీడీ ముక్క పడినా, దీపావళి టపాసు నిప్పురవ్వ పడినా చిల్లు పడుతుంది.

మూడోది మన పెరటి బ్రతుకు. పెరడు మనకు ఒక్క ఆటకే కాదు. కోళ్ళు తిరుగుతాయి. ధాన్యం, మిరపకాయలు, వడియాలు ఎండుతాయి. నీళ్ళపొయ్యి అక్కడే రాజుకుంటుంది. పెండ్లికి, ఆరాధన కూడికకు పందిరి వేయాలంటే గుంజలు పాతాలి. ప్లాస్టిక్ పచ్చిక పరిచిన తరువాత వీటిలో ఏదీ కుదరదు. కోడిరెట్టలు రోజూ కడగాలి. నీడ పడే మూల నాచు పడుతుంది.

ఇవన్నీ చెప్పి దానిని చెడ్డదని తీర్చడం లేదు. చిన్న స్థలం ఉన్న బడికి, రోజంతా వందమంది తొక్కే ఆవరణకు, ఎంత గడ్డి వేసినా బ్రతకని చోటుకు అది తగినదే. మీ ఇంట్లో ఒక పాప సాయంత్రం గంటసేపు ఆడే వాలీబాల్ అభ్యాసానికి డ్వాక్రా అప్పు తెచ్చి వేయించవలసిన అవసరం మాత్రం లేదు. ఆ అప్పు వాయిదా తప్పితే మీ ఒక్కరి మీదే కాదు, సంఘంలోని తోటి అక్కచెల్లెళ్ళందరి మీదా పడుతుంది. ఈ మాట వరకు మీ ఇంటాయన చెప్పినది సరి.

మన మట్టి కోర్టు

ఆయన మాట పూర్తిగా సరికాదు. పచ్చిక వద్దంటే పాపకు ఆట వద్దనడం కాదు. మట్టి కోర్టు వేయడం మీ ఇంటివారు, నలుగురు కూలీలు కలిస్తే కొద్ది రోజుల పని. వానలు తగ్గిన తరువాత, కార్తీకం నాటికి మొదలుపెట్టండి.

కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. అప్పుడు ఉదయం గాని సాయంత్రం గాని సూర్యుడు ఎవరి కళ్ళలోనూ కొట్టడు. కొబ్బరి చెట్టు కింద మాత్రం వేయకండి. కాయ ఎప్పుడు రాలుతుందో చెప్పలేము. చెట్లకు పది, పదిహేను అడుగులు ఎడం ఇవ్వండి. మీ ఎనిమిది సెంట్లలో మూడున్నర సెంట్లు ఖాళీగా దొరికితే ఒక్క చెట్టూ కొట్టనక్కర లేదు. సపోటా చెట్టు పడమటి వైపు ఉంటే అదే మీకు సాయంత్రపు నీడ. పైన కరెంటు తీగ పోకూడదు. బావి ఉంటే గట్టి ఇనుప మూత వేయించండి. సెప్టిక్ ట్యాంకు మూత కోర్టులోకి రాకూడదు.

గడ్డి చెక్కి, రాళ్ళు, గాజుపెంకులు, వేర్ల మొదళ్ళు ఏరివేసి, అరడుగు లోతు తవ్వి మట్టిని గుల్ల చేయండి. డెల్టా నేల బంకగా ఉంటుంది గనుక ఎర్ర గరుసు, కొంచెం ఇసుక కలపండి. నీళ్ళు పట్టి ఒక రాత్రి వదిలేసి, తడి ఆరీ ఆరకముందే రోలరు తొక్కించండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే నేల పలకలా గట్టిపడుతుంది. దుమ్ము లేవకుండా వారానికొకసారి పేడ కలాపి చల్లండి. మన అమ్మమ్మలు వాకిలికి చేసినదే ఇది.

గీతలకు పొడి సున్నం వాడకండి. అది కంట్లో పడితే చూపునకే ప్రమాదం. ముగ్గుపిండి చాలు. స్తంభాలకు ఇనుప గొట్టాలు గాని గట్టి సర్వి గుంజలు గాని పాతండి. షటిల్ వల స్తంభాల దగ్గర 5 అడుగుల 1 అంగుళం, మధ్యలో 5 అడుగులు ఉండాలి. ఆడవారి వాలీబాల్ వల 2.24 మీటర్లు, అంటే ఏడడుగుల నాలుగు అంగుళాలకు కాస్త పైన. దీపం పెట్టదలిస్తే కోర్టు పక్కల నుంచి వెలుగు పడాలి గాని ఎదుటి నుంచి కాదు. పొరుగువారి కిటికీలోకీ కొట్టకూడదు.

ఒక సంవత్సరం దీని మీద ఆడనివ్వండి. ఏడాది తరువాత కూడా రోజూ వల కడుతూ, రోజూ పిల్లలు వస్తూ ఉంటే, అప్పు లేకుండా చేతిలో సొమ్ము ఉంటే, అప్పుడు పచ్చిక గురించి ఆలోచించవచ్చు. ఈ గట్టిపడిన నేల అప్పుడు వృథా పోదు. దాని మీద నీరు దిగడానికి కంకర, డస్టు పొర చేర్చుకుంటే సరిపోతుంది. మీ తమ్ముడు పంపే సొమ్ములో కొంత ఇప్పుడు మంచి వలకు, బంతికి, పాప కాళ్ళకు మంచి బూట్లకు వాడండి. మిగిలినది పాప పేర బ్యాంకులో వేయమనండి. మేనమామ ప్రేమకు అది తక్కువ కాదు.

ఎవరితో ఆడుతుంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సహోదరీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు కనబడినది పచ్చిక కాదు. ఆడుతున్న పిల్ల ఆట మానేసింది. మూడు లక్షల తివాచీ పరిచినా, ముప్పై వేల మట్టి కోర్టు వేసినా, నాలుగు గోడల మధ్య ఒక్కతే నిలబడి బంతిని గోడకు కొట్టుకుంటే అది ఆట కాదు. ఆటకు తోడు కావాలి.

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందులో మగపిల్లలకు ఒక లెక్క, ఆడపిల్లలకు మరో లెక్క లేదు. నెలసరి మొదలైన పిల్ల పరుగెత్తకూడదనడానికి వైద్యంలో ఆధారం లేదు. నానమ్మగారిని తప్పు పట్టకండి. ఆమె కాలంలో ఆమెకు చెప్పినదే ఆమె చెప్పింది. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పండి. కోర్టు పక్కన మంచం వేసి సాయంత్రం ఆమెనే కాపలా కూర్చోమనండి. ఏ కోడలి మాటా చేయని పని మనవరాలి నవ్వు చేస్తుంది.

తండ్రిగారికి కూడా రెండు పేర్లు గుర్తుచేయండి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో కంచు పతకం గెలిచింది. ఇద్దరూ పల్లెలో పుట్టిన పిల్లలే. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళే. మీ పాప పతకం తేవాలని కాదు. ఆడపిల్ల ఆటకు వెల కట్టే ముందు ఒకసారి ఆలోచించమని.

ఈ వాలీబాల్ ఆటకూ మన సంఘాలకూ పాత చుట్టరికం ఉన్నది. 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో వై.ఎం.సి.ఎ. ఉద్యోగి విలియం మోర్గన్ దానిని కనిపెట్టాడు. పని ముగించుకుని వచ్చిన పెద్దవయసు వారు కూడా ఒకరినొకరు గుద్దుకోకుండా ఆడగలిగే ఆట కావాలన్నది అతని ఆలోచన. 1920లో మద్రాసులో హ్యారీ బక్ వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యా కళాశాల నెలకొల్పాడు. వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే పని మన దేశంలో అక్కడ వేళ్ళూనింది. జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయంలో, బాగుపడిన పట్టణం ఎలా ఉంటుందో చెబుతూ, వీధులలో ఆడుకునే మగపిల్లలనూ ఆడపిల్లలనూ చూపిస్తాడు. ఇద్దరినీ చెప్పాడు. ఒక్కరిని వదిలివేయలేదు.

కనుక నా సలహా ఇది. మొదటిది, కోర్టు వేసిన తరువాత పెరటి తలుపు తెరిచి ఉంచండి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు ఊరి ఆడపిల్లలందరికీ అని చెప్పండి. మీ వీధివారు, పక్క పేటవారు, మన సంఘపువారు, కానివారు అన్న తేడా పెట్టకండి. ఆరుగురు పిల్లలు వస్తే చాలు, ముగ్గురేసి ఆట సాగుతుంది. తాగడానికి బిందెడు నీళ్ళు, దెబ్బ తగిలితే కడగడానికి సబ్బు, శుభ్రమైన గుడ్డ దగ్గర ఉంచండి.

రెండోది, పెరడు దొరికిందని బడి మైదానాన్ని వదులుకోకండి. అది కుర్రాళ్ళ సొత్తు కాదు, బడిలో చదివే ప్రతి పిల్లదీ. మీ ఇద్దరూ, మరో నలుగురు ఆడపిల్లల తల్లిదండ్రులూ కలిసి ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్ళండి. వారానికి మూడు సాయంత్రాలు, బడి విడిచిన తరువాత ఒక గంట ఆడపిల్లల ఆటకు కేటాయించమని, ఒక ఉపాధ్యాయురాలు గాని వ్యాయామ ఉపాధ్యాయులు గాని ఉండేలా చూడమని కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్కరు అడిగితే కోరిక అవుతుంది, పదిమంది అడిగితే పని అవుతుంది. ఆ కాగితం మీద మొదటి సంతకం పాప తండ్రిది ఉండాలి.

మూడోది, వ్యాపారికి కబురు పంపండి. "ఇప్పుడు వద్దు, కావలసినప్పుడు మేమే పిలుస్తాం" అని మర్యాదగా చెప్పండి. మీ తమ్ముడికి కూడా రాయండి. పాప ఆడాలన్న అతని కోరిక మంచిదని, ఆ కోరిక నెరవేరుతున్నదని, చెట్టు కొట్టకుండానే నెరవేరుతున్నదని రాయండి. వచ్చేసారి అతను వచ్చేనాటికి ఆ కోర్టు మీద ఆరుగురు పిల్లలు ఆడుతుంటే, పచ్చిక లేని లోటు అతనికి కనబడదు.

ఈ పని మొదలుపెట్టిన వారు తమ నేల ఎలాంటిదో, ఏ మట్టి కలిపితే గట్టిపడిందో, ఎంతమంది పిల్లలు వస్తున్నారో మాకు రాయండి. నల్లరేగడి ప్రాంతాలవారు తప్పక రాయాలి. మీ అనుభవం మరో ఊరి తల్లికి దారి చూపుతుంది.